లారీ ముడి, తెరచాప తాడు

రాయకోటలో టమాటా లోడు కట్టాలంటే మా ఆయన మాదప్పే కట్టాలి. ఆయన బిగించిన తాడు మద్రాసు చేరేదాకా వేలెడు కూడా జారదు. ఆ గర్వం నిలువెల్లా ఉండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తిరుగు లోడులో మా కొట్టుకు వచ్చే దాణా మూటల తాళ్లు విప్పేది మాత్రం నేను.

1998లో దాణాకు బదులు ఒక పాత తెరచాప పడవను లారీలో వేసుకొచ్చాడు. మద్రాసులో ఏదో క్లబ్బువాళ్లు వద్దనుకున్నది. ఇద్దరు పడుకునే చిన్న గది, అడుగున పగుళ్లు, మాసిన తెరచాప. ఊరంతా వచ్చి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. సముద్రం లేని చోట పడవేమిటని నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేనా! పగుళ్లు పూడ్చి, రంగు వేసి, కృష్ణగిరి డ్యామ్‌లో దించాడు. రోజూ పోట్లాడి చివరకు ఒక మాట అనుకున్నాం. నేను ఒక్కసారి ఎక్కుతాను, నచ్చలేదంటే అమ్మేయాలి. ఒప్పుకున్నాడే గానీ ఆయన ప్రాణమంతా దాని మీదే ఉంది. నేనేమో అమ్మించాలనే ఎక్కాను.

తెరచాప తాడును చేత్తోనే పట్టుకోవాలి, గాలిని బట్టి వదులుతూ లాగుతూ ఉండాలి అని అమ్మినవాళ్లు చెప్పే పంపారు. మాదప్ప దాన్ని కొయ్యకు లారీ ముడి వేసి హాయిగా కూర్చున్నాడు. నడి నీళ్లలో కొండల వైపు నుంచి గాలి విసిరింది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. లోడు ఒరిగితే ఆయనకు తెలిసింది ఒక్కటే, ఇంకా బిగించడం. ఇక్కడా అదే చేశాడు. బిగించేకొద్దీ ఇంకా ఒరుగుతోంది. నాకు ఒళ్లు మండింది. ఆయన చేతి మీద ఒక్కటి వేసి, ముడి కొస పట్టి లాగాను. లారీ ముడి ఎంత బిగిసినా కొస లాగితే ఊడుతుంది. తాడు సర్రున జారింది, చాపలోని గాలి పోయింది, పడవ లేచి నిలబడింది.

ఒడ్డుకు చేరాక మాదప్ప తలెత్తలేదు. "నువ్వే గెలిచినావు. బయపడిపోయినావు కదా, రేపే అమ్మేస్తా," అన్నాడు. అంత మనిషి ఓటమి ఒప్పుకోవడం నేనెన్నడూ వినలేదు. చెప్పొద్దూ, జాలేసింది.

"బయపడింది నువ్వు. నేను యాడ బయపడినాను?" అన్నాను. "ఇంక చుక్కాని నీది, తాడు నాది. పొద్దు ఇంకా ఉండాది, ఇంకో సుత్తు తిరిగొద్దాం పద."

పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని పడవను నీళ్లలోకి నెట్టాడు.