అడగని వన్స్ మోర్

పోయిన ఆదివారం తెనాలిలో పిల్లల పద్యపోటీలకు హార్మోనియం వాయించడానికి వెళ్లాను. పదేళ్ల అమ్మాయి ఒకతి పట్టుపావడా ఎగదోసుకుంటూ నా పక్కనుంచి స్టేజీ ఎక్కింది. మొహానికి పట్టించిన రంగూ పౌడరూ చెమటకి తడిస్తే ఒక వాసన వస్తుంది చూశారూ, ఆ వాసన గుప్పున తగిలింది. అంతే, నేనిక తెనాలిలో లేను. బాపట్లలో, నిండు సభ ముందు, భ్రమరాంబ గారి పాదాలకి జానెడు దూరంలో కూర్చుని ఉన్నాను.

ఆవిడ మీలో ఎవరికీ తెలియదు. తెలియకపోతే మీరేం పోగొట్టుకున్నారో చెబుతాను. భ్రమరాంబ గారిది రేపల్లె. వాళ్లమ్మ అక్కడి బజారులో చేపలమ్మేది. "మా అమ్మ కేక వేస్తే వీధి చివరి ఇంట్లో నిద్రపోయేవాళ్లు లేచి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. నా గొంతుకి ఆవిడే గురువు" అని గొప్పగా చెప్పుకునేది. మా నాటక సమాజం తెనాలిలో ఉండేది. మేం ఆడేది ప్రధానంగా ఒకటే పద్యనాటకం. ఒక రాజు పూలమ్మే పిల్లని ప్రేమిస్తాడు. రాజ్యమంతా వద్దంటుంది. ఆఖరి అంకంలో ఆ పిల్ల కొలువులో నిలబడి ఒక పద్యం పాడుతుంది. పొమ్మంటే పోతాను, కానీ నేను చేసిన తప్పేమిటో ఒక్కరు లేచి చెప్పండి అని ఆ పద్యం భావం. పూలపిల్ల, అంటే చివరికి రాణి అయ్యేది, భ్రమరాంబ గారు. రాజు కోటేశ్వరరావు గారు, కొలకలూరులో పొలాలున్న పెద్దరైతు బిడ్డ. ఆయన్ని అసలు పేరుతో పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. బస్సు కండక్టరు కూడా "జరగండి, రాజుగారికి చోటివ్వండి" అనేవాడు.

ఆ పద్యం అయ్యీ అవకముందే "వన్స్ మోర్" అని జనం హోరెత్తించేవాళ్లు. పద్యనాటకాలు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పద్యం నచ్చితే ప్రేక్షకులు అలా అరుస్తారు, కథ ఎక్కడున్నా సరే ఆగిపోయి నటులు దాన్నే మళ్లీ పాడాలి. హార్మోనియం వాడు మళ్లీ శ్రుతి అందుకోవాలి. ఎవరూ అడక్కుండా రెండోసారి పాడటమన్నది మాత్రం ఎక్కడా ఉండదు. విందులో మనమే గరిటె లాక్కుని వడ్డించుకున్నంత మర్యాద తక్కువ పని అది.

నేను సమాజంలో చేరినప్పుడు నాకు పాతికేళ్లు. మొదటి రిహార్సల్లో ఆవిడ రాగం ఎత్తుకునేసరికి నేను వెనకబడ్డాను. ఆవిడ ఎటు వెళ్తే అటు పడుతూ లేస్తూ వెళ్లాను. మధ్యలో ఆపేసి నవ్వింది. నేను తిట్లకి సిద్ధమయ్యాను.

"ఏంటి తమ్ముడూ, నా వెనకాల పరిగెడతావు? నేనేమన్నా బస్సునా, తప్పిపోవడానికి? పక్కన నడువు."

"మీరు ఎటు తిరుగుతారో తెలియట్లేదక్కయ్యా."

"నాకు మాత్రం తెలుసా? ఇద్దరం కలిసి చూద్దాం. కానివ్వు."

సంగీతం నేర్పిన గురువులు నాకు వేరే ఉన్నారు. భయం తీసేసింది మాత్రం ఆవిడే.

రాజుగారికీ రాణిగారికీ స్టేజీ దిగాక కూడా ప్రేమేనని నాకు వారం తిరక్కుండానే అర్థమైంది. అర్థం కానివాడు జిల్లాలో లేడు. నేను చేరేనాటికే అది పాతికేళ్ల పాత కథ. రాజుగారికి కొలకలూరులో భార్య ఉంది. ఆ సంగతీ అందరికీ తెలుసు. అయినా జనానికి వాళ్ల జంటంటే ఎంత మోజో చెప్పలేను. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకునే ఘట్టం వస్తే ఈలలతో పందిరి లేచిపోయేది. "ఇవాళ గట్టిగానే పట్టుకున్నాడ్రోయ్" అని టీ కొట్ల దగ్గర మర్నాడంతా అదే ముచ్చట. నాటకానికి సగం జనం ఆ చెయ్యి చూడటానికే వచ్చేవాళ్లని నా అనుమానం.

ఒకసారి కొలకలూరు నుంచే పిలుపొచ్చింది. మేమందరం సంబరపడుతుంటే భ్రమరాంబ గారు అడ్డంగా తలూపింది. "నేను రాను. వేరే అమ్మాయిని తీసుకెళ్లండి."

"అదేంటక్కయ్యా, రాజుగారి సొంతూరు కదా" అన్నాను.

"అందుకే రాను. ఆ ఊళ్లో రాణి ఆయన ఇల్లాలు."

మేం వెళ్లిన రోజు ఆవిడ తెనాలిలో ఒక్కతే కూర్చుని అందరి చీరలకూ జరీ కుట్టిపెట్టింది.

తరవాత కొన్నేళ్లకి రాజుగారి భార్య జబ్బు చేసి పోయింది. ఏడాది గడిచాక రాజుగారూ భ్రమరాంబ గారూ రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి, రెండు దండలు మార్చుకుని, మాకందరికీ టిఫిన్ పెట్టించారు. నేను ఆనందంతో నాలుగు పెసరట్లు లాగించాను. ఇన్నేళ్ల ప్రేమ ఒడ్డెక్కింది, జనం బ్రహ్మరథం పడతారు అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి! వారం తిరిగేలోగా గాలి మారిపోయింది. ఈలలు వేసిన నోళ్లే మూతులు విరిచాయి. "ఆ ఇల్లాలు ఎప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నారు" అన్నారు. "ఈ వయసులో పెళ్లేంటండి, సిగ్గు లేకపోతే సరి" అన్నారు. వేమూరు వాళ్లు ఒప్పుకున్న ఆట రద్దు చేసుకున్నారు. దొంగచాటు ప్రేమని పాతికేళ్లకి పైగా నెత్తిన పెట్టుకున్న జనం దొరలా చేసుకున్న పెళ్లిని ఓర్వలేకపోవడం నాకు మింగుడుపడలేదు. చాటుగా ఉన్నంతకాలం ఆ ప్రేమ వాళ్లకి వినోదం. పెళ్లయ్యేసరికి ఆవిడకి తమ పక్కన కుర్చీ వెయ్యాల్సొచ్చింది, అక్కడ వచ్చింది చిక్కు. ఈమధ్య టీవీలో ఎక్కడి దేశపు రాజుగారిదో ఇలాంటి ప్రేమకథే చూపిస్తుంటే మా ఆవిడ పకపకా నవ్వి "మన రాజుగారి కథే కదండీ" అంది. సింహాసనం నిజమైనదైనా అట్టదైనా జనం తీర్పు ఒకేలా ఉంటుంది కాబోలు.

ఇక మిగిలింది బాపట్ల ఆట. అక్కడ ఆట పెట్టించే సంఘం కార్యదర్శి తెనాలి వచ్చి కూర్చుని నసిగాడు. "రాజుగారూ, తప్పుగా అనుకోకండి. రాణి వేషానికి ఇంకెవర్నైనా..."

"రాణి రాకపోతే రాజూ రాడండి" అన్నాడాయన.

కార్యదర్శి టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు కానీ ఆట మాత్రం ఉంచాడు. బాపట్లలో మేకప్ గదిలో భ్రమరాంబ గారు బొట్టు దిద్దుకుంటూ నాతో అంది: "తమ్ముడూ, ఇవాళ ఆ పద్యానికి వన్స్ మోర్ రాలేదనుకో, ఈ రంగు కడిగేసి మళ్లీ ముట్టుకోను. ఆయనకి చెప్పకు." ఆవిడ లేకపోతే ఆ నాటకమే లేదు. నాటకం లేకపోతే ఆవిడా లేదు.

హాలు నిండింది. మగవాళ్లు ఒకవైపు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు రెండోవైపు. చెయ్యి పట్టుకునే ఘట్టంలో ఒక్క ఈల లేదు. ఆఖరి అంకం వచ్చింది. ఆవిడ కొలువులోకి నడిచొచ్చి పద్యం అందుకుంది. ఎంత బాగా పాడిందంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. పద్యం అయిపోయింది. నేను శ్రుతి వదలకుండా చెవులు రిక్కించాను. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో దగ్గారు. సింహాసనం మీద రాజుగారు ఇక తప్పదన్నట్టు తన మాట అందుకోబోయారు. అప్పుడు భ్రమరాంబ గారు చెయ్యెత్తింది.

"ఆగండి రాజుగారూ."

నాటకంలో లేని మాట అది. రాజుగారు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. ఆవిడ కొలువు వైపు నుంచి జనం వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ మీరడిగితే పాడానండి. ఇవాళ మీరు అడగలేదు. నాకే ఇంకోసారి అడగాలనిపిస్తోంది." ఆ గొంతు అచ్చం చేపల బజారు గొంతు, చివరి వరసదాకా దూసుకుపోయింది. తరవాత నావైపు చూసింది. "శ్రుతి ఇవ్వు తమ్ముడూ."

తెర పక్కనుంచి కార్యదర్శి ఆపెయ్యమని రెండు చేతులూ ఊపుతున్నాడు. నేను అటు చూడలేదు. హార్మోనియం తిత్తి నొక్కాను. ఈసారి ఆ పద్యం పూలపిల్ల పాడలేదు, రేపల్లె భ్రమరాంబ పాడింది. నేను చేసిన తప్పేమిటో ఒక్కరు లేచి చెప్పండి. కళ్లలోకి చూస్తూ వరస వరసనీ అడిగింది. ఆవిడ పక్కనే నడిచాను, ఎటు తిరుగుతుందోనని భయపడలేదు. పద్యం ముగిసింది. మళ్లీ అదే నిశ్శబ్దం. ఇక మా పని అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. మా వైపు ఆడవాళ్లు వన్స్ మోర్ అనరు. అది మగవాళ్ల అరుపు. ఆవిడ అరవలేదు కూడా. పక్కింటి పిల్లతో మాట్లాడినట్టు అంది.

"నీ తప్పేం లేదులేమ్మా. ఇంకోసారి పాడు."

ఆడవాళ్ల చప్పట్లు ముందు మొదలయ్యాయి. మగవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని చేతులు విప్పారు. మూడోసారి పాడేటప్పుడు ఆవిడ గొంతు జీరపోయింది. నా కళ్లు మసకబారి హార్మోనియం మెట్లు కనపడలేదు, అలవాటు మీద వాయించాను. మరుసటి నెల రేపల్లెలో ఆడితే ఆడవాళ్లు ముందు వరసలన్నీ ఆక్రమించేశారు. వేమూరు వాళ్లు ఏమీ జరగనట్టే మళ్లీ కబురు పెట్టారు. కొలకలూరు కూడా పిలిచింది. ఆవిడ నవ్వి, పాత జవాబే చెప్పింది.

రాజుగారు ముందు వెళ్లిపోయారు, ఆ తరవాత ఆవిడ. సమాజం లేదు. పెళ్లిళ్లకీ పోటీలకీ పిలిస్తే నేనిలా వాయిస్తూ ఉంటాను.

పోయిన ఆదివారం ఆ పట్టుపావడా పిల్ల చక్కగా పాడింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. పిల్ల ఒక క్షణం నిలబడి చూసి, తల దించుకుని దిగబోయింది. నా వేలు శ్రుతి మీదే ఉంది. అది ఆగకపోయేసరికి ఆ అమ్మాయి నావైపు తిరిగింది.

"ఇంకోసారి పాడమ్మా" అన్నాను.

జడ్జీగారు చేతి గడియారం చూసుకున్నారు. "మాస్టారూ, ఒక్కొక్కరికి ఒకసారేనండి."

"అవునండి. నాకే వినాలనుందండి" అన్నాను, తిత్తి నొక్కుతూ.