ఎండలో ఆరేసిన "ఔ మల్ల"

మనిషి ఒక్కసారే చచ్చిపోతాడని కదా మీ నమ్మకం? మా సత్తన్న వాళ్ల బాపును నేను రెండోసారి చంపబోయాను. అదీ ఎండలో ఆరేసి. కంగారు పడకండి, పోలీసులెవరూ రాలేదు. వచ్చుంటేనే బాగుండేది, సత్తన్న ముఖం చూసే బాధ తప్పేది.

సత్తన్నది మా పక్క ఊరు. ఖతార్‌లోని అల్ వక్రాలో నాతో ఒకే గదిలో ఉంటాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు పారేయబోయిన రికార్డు ప్లేయరును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఊరి నుంచి తెచ్చుకున్న రికార్డు మాత్రం ఒక్కటే: ఎప్పుడో వాళ్ల బాపు మేళం చెప్పిన కథ. బాపు కథ చెప్పేవాడు కాదు, వంత పలికేవాడు. కథ చెప్పే పెద్దాయన ఒక మాట అనగానే వెనక నుంచి "ఔ మల్ల!" అనాలి. అంతే ఆయన ఉద్యోగం.

ఆయన పోయినప్పుడు సత్తన్నకు సెలవు దొరకలేదు. సరైన ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ "ఔ మల్ల" ఒక్కటే. అదీ అటుకులు నములుతూ అన్నట్టు కరకరలాడుతూ వినిపించేది.

"నేను సాఫ్ జేస్తనే అన్నా."

"టైల్స్ పని దప్ప నీకేమొస్తదిరా రాజిగా?"

"టైలైనా పాటైనా లెవల్ ముఖ్యమన్నా!"

నమ్మండి, మొదట బాగానే చేశాను. ప్లేయరు మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా స్టూలు కాళ్ల కింద టైల్ ముక్కలు దూర్చాను. తాగినవాడిలా తూలే కథ తిన్నగా నడిచింది.

"అరే, బాపు జర దగ్గరికొచ్చిండురా!" అన్నాడు సత్తన్న, కళ్లు తుడుచుకుంటూ.

అక్కడ ఆగితే నేను మనిషినయ్యేవాణ్ణి. పొగడ్త తలకెక్కింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు. నేను నాలుకనే కడిగి ఆరేశాను.

ఆ శుక్రవారం సత్తన్న మేడమ్‌ను అజీజియా బజారుకు తీసుకెళ్లాడు. నేను గిన్నెల సబ్బుతో రికార్డును మెల్లగా కడిగాను. ఎడారి దుమ్మంతా నల్లగా దిగింది. ఇంతవరకు నేరం లేదు. ఇక ఆరబెట్టాలి. ఈ దేశంలో చొక్కా రెండో చెయ్యి పిండేలోపే మొదటి చెయ్యి ఆరిపోతుంది కదా! మేడెక్కి, నీళ్ల ట్యాంకు మీద అప్పడంలా పరిచి, కిందికొచ్చి పడుకున్నాను. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుందన్న పాఠం ఎనిమిదో తరగతిలో ఉందట. నేను ఏడుతోనే బడికి సలాం కొట్టాను. సాయంత్రం సత్తన్న వచ్చి నన్ను తట్టి లేపాడు.

"రికార్డేదిరా?"

"ఎండకు వెట్టిన."

"ఏ ఎండకు?"

"ఏ ఎండేందన్నా, గీ ఎండకే!"

బూట్లు కూడా విప్పకుండా పైకి పరిగెత్తాడు. అక్కడున్నది రికార్డు కాదు, దొప్ప. నూనెలో వేయించడం ఒక్కటే తక్కువ. సత్తన్న ట్యాంకు పక్కన అలాగే కూలబడ్డాడు. తిడితే ఎంత బాగుండేదో!

దాని మీద టైల్స్ పెట్టెలు పేర్చాను. బరువు మోపితే మనుషులే వంగుతారు, రికార్డు నిటారు కాదా అనుకున్నాను. మరునాడు పెట్టి చూస్తే సూది షహానియా పందెపు ఒంటెలా ఎగిరెగిరి పడింది. రాజు, రాణి, అడవి అన్నీ కలగాపులగం. చివరికి, నడిమి దగ్గర ఇంకా చదునుగా ఉన్న చోట ఇరుక్కుపోయింది.

"ఔ మల్ల... ఔ మల్ల... ఔ మల్ల..."

కరకర లేదు. అద్దంలా ఉంది గొంతు.

సత్తన్న ప్లేయరు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బాపూ, నన్ను గుర్తువట్టినవా?"

"ఔ మల్ల..."

"నువ్వు వోయిననాడు నేను రాకపోతి. కోపమొచ్చిందానే?"

"ఔ మల్ల..."

నేను గోడవైపు తిరిగాను. కాసేపటికి వెనక నుంచి మళ్లీ అతని మాట:

"గీ రాజిగాన్ని తందునా బాపూ?"

"ఔ మల్ల... ఔ మల్ల... ఔ మల్ల..."

సత్తన్న తండ్రి మాట జవదాటని కొడుకు. ఆయన ఎన్నిసార్లంటే అన్నిసార్లు తన్నాడు.

అందుకే ఆ నీళ్ల ట్యాంకు సాక్షిగా, నా రసమట్టం మీద ఒట్టు: ఈ జన్మలో నా లుంగీని తప్ప మరెవరి బాపునూ ఖతార్ ఎండలో ఆరెయ్యను.