ఎండ మింగిన ఫొటో

కదలని ఫొటోలను వరసగా పేర్చి నేను సినిమా తీస్తున్న రోజులవి. గాజువాక బస్సు పోర్టు క్రేన్లను దాటుతుంటే, ప్రయాణికుల మొహాల మీద ఎండా నీడా మారినప్పుడల్లా కెమెరా నొక్కుతున్నాను. ముందు సీట్లో ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది.

“ఏటి బాబూ, నన్ను తీత్తన్నావా?”

బస్సంతా నావైపు చూసింది. నేను కెమెరా కిందికి దించాను.

ఆమె గొంతు తగ్గించింది. “నాను ఈ బస్సెక్కినట్టు ఇంట్లో తెలిస్తే సంపేత్తారు. అన్నీ సెరిపెయ్యి.”

ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటీ చెరిపేశాను. చివరి ఫొటోలో ఎండ పడి ఆమె మొహమంతా పోల్చుకోలేనంత తెల్లగా వెలిగిపోయింది. ఠక్కున నా చెయ్యి పట్టుకుంది.

“ఇదుంచు. ఇందులో నానున్నానని నాకొక్కదానికే తెలుస్తాది.”

తెర మీద ఆ ఫొటో వచ్చినప్పుడల్లా, అదెవరని అడుగుతారు.

ఎండ అని చెబుతాను.