గొల్లభామ చీర, చదువుకున్న మిషను

కంప్యూటర్‌కు లోకజ్ఞానం నేర్పే ఉద్యోగం చేశానంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. సిద్దిపేటలో మాటిమాటికీ బంద్. బజారంతా షట్టర్లు దించినా, మేడ మీద మా ఆఫీసు మాత్రం లోపల గడియ పెట్టుకుని నడిచేది.

ఇంటర్నెట్‌లోని పేజీలన్నీ కంప్యూటర్ తనంతట తానే చదివి, ఫలానా వస్తువు ఫలానా ఊరిదని ఒక్కో వాక్యం అప్పజెప్పేది. మేం తప్పో ఒప్పో నొక్కాలి. హైదరాబాద్‌లో మరో ఇద్దరు అదే వాక్యం చూసేవాళ్లు. ముగ్గురి మాటా కలిసేదాకా అది మళ్లీ మళ్లీ వచ్చేది. ఎక్కువ పేజీల్లో ఏది కనబడితే అది నమ్మడమే ఆ మిషను తెలివి. చాయ్ హోటల్లో పుకార్లు మోసేవాడైనా అంత గుడ్డిగా నమ్మడు.

ఒకరోజు, గొల్లభామ చీరలు నేసేది హైదరాబాద్‌లో అని వచ్చింది. నెత్తిన కుండతో నిలబడే ఆ బొమ్మను పోగు పోగు పట్టి నేసే మగ్గం ఇక్కడ సిద్దిపేటలో, మా ఇంట్లోనే ఉంది. దాని మీదే మా బాపు నడుం వంగిపోయింది. చీరలమ్మే పట్నం దుకాణాలు తమ అడ్రసు రాసుకుంటే, ఈ మహా పండితుడు అదే నేత ఊరనుకున్నాడు! తప్పు నొక్కాను. మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కాక సూపర్‌వైజర్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. మగ్గం ముఖం ఎన్నడూ చూడని మనిషి. మా ఇంటి సంగతి చెప్పాను.

"మీ ఇల్లు కాదమ్మా, అలా రాసున్న పేజీ చూపించండి" అన్నాడు. ఇంకోసారి తప్పు నొక్కితే పనికి రానక్కర్లేదన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు, ఉద్యమం వాళ్ల దీక్షా టెంటు నుంచి వచ్చిన బాపుకు జరిగింది చెప్పాను. నూలు కండె చేతిలోకి తీసుకున్నాడు.

"గంత సదివింది గదా, మనల్ని ఒక్కమాట అడగరాదా దానికి?" అన్నాడు. లేచి మగ్గం దగ్గరికి పోతూ, "నువ్వైతె ఒప్పుకోకు బిడ్డా. మన చీర మనదని గాడ రాయాలె" అన్నాడు.

మర్నాడు ఆ వాక్యం నాలుగోసారి వచ్చింది. కింద రోడ్డు మీద జై తెలంగాణ అంటూ ఊరేగింపు పోతోంది. ఉద్యోగం పోతుందని భయపడి ఒప్పు నొక్కాను. ముగ్గురి మాటా కలిసింది, ఆ వాక్యం ఇక రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

సాయంత్రం బాపు గడపలోనే అడిగాడు, రాసినవా బిడ్డా అని.

"రాసిన బాపూ" అన్నాను.

ఆదివారం నన్ను టెంటుకు తీసుకుపోయాడు. ఎన్నడూ మైకు ముట్టని మనిషి, ఆ రోజు అడిగి మరీ తీసుకున్నాడు. సిద్దిపేట చీర ఎవరిదో కంప్యూటర్‌కు తన బిడ్డ నేర్పిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న నేనూ కొట్టాను.