పొద్దున పూట దగ్గే కారు

నాన్న పోయిన కొన్నాళ్లకే ఆయన కారు పొద్దున పూట దగ్గడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే అంటుకునేది. వీధి చివరకు వచ్చేసరికి ఒళ్లంతా కుదుపుకుని తడబడేది. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి నిప్పు అందుకోకుండా ఊరుకునేది. దీన్నే మా బరంపురం మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. అరగంట నడిచాక మాత్రం ఏమీ ఎరగనట్టు మెత్తగా పరుగెత్తేది.

అది పాత పెట్రోలు కారు. మాది పప్పుల వ్యాపారం. నాన్న అందులోనే పొలసర దాకా ఊరూరా తిరిగేవారు. అమ్మకు మోకాళ్లు సరిగా వంగవు, ఆటో ఎక్కలేదు. ఈ కారు ముందు సీటు మాత్రం ఆమె కోసమే చేసినట్టు కిందికి ఉంటుంది. శనివారం భజన మందిరానికైనా, నెలకోసారి గోపాల్‌పూర్‌లో సముద్ర స్నానానికైనా ఆ సీట్లో కూర్చునే వెళ్లాలి.

ఒకరోజు రైల్వే గేటు దగ్గర, సరిగ్గా పట్టాల ముందు కారు ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని నారాయణ, నారాయణ అనుకుంటూ కూర్చుంది. ఆ రోజు నడుపుతున్నది అన్నయ్య. ఇంటికొచ్చి నాతో తేల్చి చెప్పేశాడు.

"కార్తీకం ఎల్లీలోపు బాగైతే సరి. నేపోతే తుక్కుకి ఇచ్చీద్దాం. దీన్ని నమ్ముకుని అమ్మని పట్టాల మీద కూకోబెట్టనేను."

కోపంతో అన్న మాట కాదది, భయంతో అన్నది. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

అమ్మ లెక్క వేరు. "బండికి బెంగరా. ఆయన్ని ఎతుక్కుంటంది," అనేది.

నా చిన్నప్పటి స్నేహితుడికి బస్టాండు దగ్గర షెడ్డు ఉంది. కారును వాడి దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి. అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి, దగ్గు మాయమయ్యేది. శనివారాలు మందిరంలో పురాణం చదువుతానని వాడు నన్ను పంతులూ అంటాడు.

"ఏట్రా పంతులూ, మళ్లీ తెచ్చినావా? నాకాడికొస్తే బుద్ధిగా ఉంటాది, మీ ఇంటికెల్తే దగ్గుతాది. నీ పురాణం ఇని ఇని ఇసుగెత్తినట్టుంది దానికి!"

ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. ఒకసారి బానెట్ ఎత్తి, "మీ కారుకి బయటా పసుపే, లోపలా పసుపేనేట్రా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మావాళ్ల బండ్లకు పసుపూ కుంకుమా తగలని చోటుండదు.

ఇక ప్రార్థన మొదలుపెట్టాను. ఇంజను కోసం దేవుణ్ణి అడగడం నాకు చిన్నతనంగా అనిపించలేదు. చిన్న సంగతులు వినకపోతే మనలాంటి చిన్నవాళ్ల గోడు ఆయన వినేదెలా? తాళం తిప్పే ముందు ప్రతిరోజూ స్టీరింగు మీద చేతులుంచి నామం చెప్పుకునేవాణ్ణి.

ఇంతలో అక్క వచ్చి అమ్మను పొలసరలోని తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ మర్నాటి నుంచి కారు దగ్గడం మానేసింది. ఆ శనివారం మందిరంలో అందరి ముందూ ఈ సంగతి చెప్పి, కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాను. పెద్దవాళ్లు నామం అందుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

అమ్మ తిరిగొచ్చిన మర్నాడే కారు మళ్లీ దగ్గింది.

"నీ కొబ్బరికాయ వాపసు అడుగురా," అన్నాడు మెకానిక్కు. తర్వాత గడ్డం గోక్కుంటూ, "మీ అమ్మ ఊళ్లో నేనన్నాళ్లూ బాగుంది, ఆవిడ రాగానే మిస్సింగ్. ఇద్దరూ అత్తాకోడళ్లేట్రా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని చూశాను. అమ్మ పూజ ముగించి ఇత్తడి చెంబుతో బయటికి వచ్చింది. సాలగ్రామానికి అభిషేకం చేసిన పసుపు నీళ్లు నలుగురూ తొక్కే చోట పారబోయకూడదు. సగం తులసి మొదట్లో పోస్తుంది. మిగిలింది ఇంటికి అన్నం పెట్టే బండికి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. పైగా ఇప్పుడు బండి బెంగపెట్టుకుందని పెద్ద చెంబు తీసింది. నీళ్లు అద్దం అంచున పడి, బానెట్ సందులోంచి లోపలికి జారిపోయాయి.

ఆమె లోపలికి వెళ్లాక బానెట్ ఎత్తాను. ప్లగ్గులకు కరెంటు పంచే నల్లటి మూత ఉంటుంది. దాని మీద పసుపు నీళ్లు బొట్లు బొట్లుగా నిలిచి ఉన్నాయి. మధ్యలో ఒక తులసాకు అతుక్కుని ఉంది.

మూత విప్పి లోపలా బయటా తుడిచాను. కారు ఒక్క కుదుపు లేకుండా నడిచింది. మర్నాడు కావాలని తుడవకుండా తీశాను, దగ్గింది. ఆ మర్నాడు తుడిచాను, దగ్గలేదు. ఇక అనుమానం లేదు.

జబ్బు తెలిసిందన్న సంతోషం అరుగు దాటి లోపలికి రాలేదు. ఆ మాట అమ్మతో ఎలా చెప్పడం? ఆమె వత్తులు చేసుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, తీర్థం ఇకమీద తులసికే పొయ్యమ్మా."

"ఏం?"

చెప్పాను. ఆమె చేతిలో పత్తి ఆగిపోయింది.

"అంటే నా సేత్తో నేనే..." అని ఆగి, తల అడ్డంగా ఊపింది. "కాదురా. నువ్వు పుట్టకముందు కాణ్నించి పోస్తన్నాను. మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఒక్కనాడైనా దగ్గిందా? సెప్పు."

నిజంగానే దగ్గలేదు.

అమ్మ గుమ్మంలోంచి కారు వైపు చూసింది. మెల్లగా అంది.

"నేను పోసేసి లోనికొచ్చీసరికి బండి ముందు మూత ఎత్తి నిలబడీవోరు. ఏటి సూస్తన్నారంటే, ఆయిలు సూస్తన్నానే అనీవోరు. బుజం మీద తువ్వాలు తడిగా ఉండీది. దాని పసుపు మరక ఎంత ఉతికినా ఒదిలీది కాదు. బండి ఆయిలు నల్లగా ఉండాల గానీ ఇదేటి పసుపని నేను సణిగీదాన్ని. నవ్వీసి ఊరుకునీవోరు."

చేతిలోని పత్తి పక్కన పెట్టింది.

"ఆయన ఒక్క మాట సెప్పనేదురా," అంది.

"సెప్తే నువ్వు మానీసీదానివి."

"మానీసీదాన్నే." కొంగు కళ్లకు అద్దుకుంది. "అందుకే సెప్పనేదు కావాల."

సేవ గురించి మందిరంలో ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఆ పూట మాత్రం ఆమె పక్కన పెట్టిన పత్తి తీసుకుని వత్తులు చేయడానికి ప్రయత్నించాను. నావి వంకరగా వచ్చాయి.

సాయంత్రం అన్నయ్యకు అంతా చెప్పాను. విని, ఒక్కడే బయటికి వెళ్లి కారు పక్కన నిలబడ్డాడు. లోపలికి వచ్చి, "సందుకి రబ్బరు పట్టీ ఏయించీద్దాం. మరి తడవదు," అన్నాడు. అమ్మ వద్దంది.

మర్నాడు పూజ అయ్యాక అమ్మ చెంబుతోనూ, ఒక పొడి గుడ్డతోనూ బయటికి వచ్చింది. తులసికి పోసింది, కారుకు పోసింది. తర్వాత నన్ను పిలిచి బానెట్ ఎత్తమంది. బానెట్ నేను పట్టుకుంటే, ఒక చేత్తో నా భుజం ఆసరా చేసుకుని లోపలికి వంగింది.

"ఇదేనా? ఈ నల్లదేనా?"

"అదేనమ్మా."

"గట్టిగా తుడిస్తే ఇరుగుతాదేటి?"

"ఇరగదు."

తుడవసాగింది. అంతలో అన్నయ్య తాళాలు చేత్తో ఊపుకుంటూ అరుగు దిగాడు. "ఎక్కమ్మా, గోపాల్‌పూర్ ఎల్దాం. ఎండెక్కీసినాక అలల్లో నిలబడనేవు."

"ఉండరా," అంది అమ్మ తల ఎత్తకుండానే. "ఇంకా తడుంది."