గేటు దగ్గర చార్జి అప్పగింత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఒక నూలు మిల్లులో పర్సనెల్ మేనేజర్‌ని. ఆ హోదాను ఇప్పుడు హెచ్ఆర్ హెడ్ అంటున్నారు. పేరు మారింది గానీ పని మారలేదు. హాజరు, సెలవులు, ప్రమోషన్లు, అలకలు. నాలుగోది ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు, కానీ నా రోజులో సగం దానికే పోయేది.

ఆ ఏడాది యాజమాన్యం కొత్తగా చదువు సెలవు పెట్టింది. డిగ్రీ ఉండి, అయిదేళ్ల సర్వీసు నిండిన ఉద్యోగి రెగ్యులర్ ఎంబీఏలో చేరితే రెండేళ్లు ఉద్యోగం నిలిపి ఉంచుతారు. తిరిగి వచ్చాక అసిస్టెంట్ మేనేజర్ పోస్టు. అయితే ఏడాదికి ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరో సిఫారసు చేయాల్సింది నేను.

నోటీసు పెట్టిన రోజు నుంచీ నా గదికి జనం రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్లకూ దారులన్నీ చెప్పేదాన్ని. రెగ్యులర్ అంటే ఐసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకుని, రెండేళ్లు రోజూ క్లాసుకు వెళ్లడం. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. దూరవిద్యలో పుస్తకాలు ఇంటికి వస్తాయి, ఆదివారాలు కాంటాక్టు క్లాసులుంటాయి, మిగతాదంతా మన ఓపిక. ఆన్‌లైన్ అంటే గుర్తింపు ఉన్న యూనివర్సిటీ పాఠాలు ఫోన్లోనో కంప్యూటర్లోనో వినడం. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు. ఎగ్జిక్యూటివ్ అని ఇంకొకటి ఉంది. అది ఇప్పటికే పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు ఉద్యోగం చేస్తూ చదువుకునేది. మా దగ్గర అలాంటి కుర్చీలు రెండే ఉండేవి, వాటిలో ఉన్నవాళ్లకు చదువు మీద ధ్యాస లేదు.

ఐసెట్‌లో మా మిల్లు నుంచి చెప్పుకోదగ్గ ర్యాంకులు ఇద్దరికే వచ్చాయి. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కావడంతో నా పని చిక్కున పడింది.

మస్తాన్ వలీది పెదకాకాని. రింగ్ ఫ్రేముల షెడ్డులో షిఫ్టు సూపర్‌వైజర్. దూదిని నూలుగా వడికే యంత్రాలవి. అన్నీ ఒక్కసారి తిరుగుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. మనిషి నెమ్మదస్తుడే గానీ, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కాస్త పక్కకు తిప్పి వినే అలవాటు ఉండేది. అది పొగరని కొందరు నా దగ్గర చాడీలు కూడా చెప్పారు. అతని భార్య షంషాద్ క్వాలిటీ ల్యాబులో పత్తి పీచు పొడవు, బలం పరీక్షించేది. ఇద్దరూ మిల్లు క్వార్టర్సులోనే ఉండేవాళ్లు. పాప రేష్మాకు నాలుగేళ్లు, ఇంకా బడిలో వేయలేదు. ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు లేరు. అందుకని ఇద్దరూ ఒకే షిఫ్టు పడకుండా నాతో రాయించుకునేవాళ్లు.

మిల్లులో షిఫ్టు మారేటప్పుడు చార్జి అప్పగించడమని ఒక పద్ధతి ఉంది. దిగేవాడు ఎక్కేవాడికి షెడ్డు సంగతంతా నోటితో చెప్పాలి. ఆగిపోయిన మిషను సంగతి ముందు, బాగా నడుస్తున్న వాటి సంగతి తర్వాత. ఆగినదాన్ని దాచిపెట్టి వెళ్లిపోతే మెమో తప్పదు. ఈ దంపతులు రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర పాపను కూడా అదే పద్ధతిలో అప్పగించుకునేవాళ్లు.

"చెప్పు తెగింది, ముందది చూడు. ముక్కు కారతా ఉంది. అన్నం మాత్రం శుభ్రంగా తిన్నది" అని మస్తాన్ చెబితే, షంషాద్ తల ఊపి పాపను ఎత్తుకునేది. ఆ మాటలు వినడానికే నేను ఒక్కోసారి పని కల్పించుకుని గేటు దాకా వెళ్లేదాన్ని.

కౌన్సెలింగ్‌కు వారం ముందు మస్తాన్ నా గదికి వచ్చాడు.

"మేడం, ఆ సెలవు షంషాద్‌కి ఇప్పించండి. నాకు ఆన్‌లైన్ చాలు. క్లాసులో కూర్చుంటే నాకు నిద్రొస్తుందండి. నేను చెప్పానని మాత్రం దానికి చెప్పమాకండి."

మర్నాడు షంషాద్ వచ్చింది. "మేడం గారూ, సెలవు మా ఆయనకివ్వండి. ముందు ఆ షెడ్డులోంచి బయటపడాలాయన. నాదేముందండీ, డిగ్రీ కూడా దూరవిద్యలోనే చేశా. క్లాసులంటే నాకంత మోజు లేదు" అంది. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూసింది. వెళ్తూ వెళ్తూ, తాను వచ్చినట్టు ఆయనకు చెప్పొద్దని తనూ అంది.

ఇద్దరి సర్వీసూ సరిపోయింది, ఇద్దరి ర్యాంకులకూ గుంటూరులో సీటు వస్తుంది. రూలు ప్రకారం ఎవరి పేరు పంపినా నన్ను అడిగేవాళ్లు లేరు. కానీ ఇద్దరూ నాతో అబద్ధమే చెబుతున్నారని నాకు అర్థమైంది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. తప్పు పేరు పంపితే రెండేళ్లు ఒకరు ఇష్టం లేని చోట కూర్చుంటారు, ఇంకొకరు ఇష్టమైనది వదులుకుంటారు.

కౌన్సెలింగ్‌లో కాలేజీల వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి రెండు రోజుల ముందు, షిఫ్టు మారే వేళకు ఇద్దర్నీ గేటు పక్కన హాజరు వేసే టైమ్ ఆఫీసులోకి పిలిచాను. పాపకు ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టాను.

"ఇది షెడ్డు అనుకోండి. మీ ఇద్దరూ ఒకళ్లకొకళ్లు చార్జి అప్పగించుకోండి. ఆగిపోయిన మిషను సంగతి ముందు. దాచిపెడితే ఇద్దరికీ మెమో ఇస్తాను" అన్నాను.

మస్తాన్ ముందు నవ్వాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నా వైపు కాదు, భార్య వైపు తిరిగి చెప్పాడు.

"నా ఎడమ చెవి ఆగిపోయింది షంషాద్. శానా రోజులైంది. క్లాసులో అంతమంది మధ్య కూర్చుంటే లెక్చరర్ చెప్పేది నాకు సగం కూడా వినపడదు. ఫోన్లో అయితే వెనక్కి తిప్పుకుంటా, కింద అక్షరాలు కూడా పడతాయి. నువ్వు బాధపడతావని చెప్పలా."

"తెలుసు" అంది షంషాద్.

అతను తల పక్కకు తిప్పాడు, సరిగా విన్నానో లేదో అన్నట్టు.

"తెలుసన్నా. అన్నం తినేటప్పుడు నీకు కుడిపక్కనే ఎందుకు కూర్చుంటున్నా అనుకున్నావ్? బండి మీద కుడి భుజం మీదుగానే ఎందుకు మాట్లాడతా? నువ్వు చెప్పలేదని నేనూ అడగలా. ఆ రెండో చెవన్నా మిగలాలని, ముందు నిన్ను ఆ మోతలోంచి బయటికి తెద్దామనుకున్నా."

మస్తాన్ టోపీ అంచు తడిమాడు. "సరే, ఇప్పుడు నీ మిషను సంగతి చెప్పు" అన్నాడు.

"నేనొక్కరోజు కూడా కాలేజీ బెంచీ మీద కూర్చోలేదు" అందామె. "కూర్చోవాలనుంది."

పర్సనెల్ మేనేజర్ ఏడవకూడదని రూలేమీ లేదు గానీ, కిటికీ అవతల సెక్యూరిటీ వాళ్లున్నారని బిగబట్టుకున్నాను. పాప మాత్రం ఇవేమీ పట్టనట్టు ఆఖరి బిస్కెట్టు తింటూ ఉంది.

ఆ సాయంత్రమే షంషాద్ పేరు పైకి పంపాను. మస్తాన్‌ను కంపెనీ డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి గుంటూరులో చెవి పరీక్షకు పంపించాం. వైద్య కారణం మీద షెడ్డు నుంచి మార్చే నిబంధన అంతకుముందే ఉంది, వాడుకున్నవాళ్లు లేరంతే. దాని కింద అతన్ని హోదా తగ్గకుండా నూలు గోడౌనుకు, పగటి డ్యూటీకి వేయించాను. షెడ్డులో చెవులకు ప్లగ్గులు పెట్టుకోనివాళ్లను లోపలికి రానివ్వవద్దని ఆర్డరు వేయించాను. ఉక్కపోతలో ఇదేం గోల మేడం అని కార్మికులు కొన్నాళ్లు నన్ను తిట్టుకున్నారు. తిట్లు కూడా నా ఉద్యోగంలో భాగమే.

పాపను బడిలో వేశారు. షంషాద్ రోజూ బస్సులో గుంటూరు వెళ్లి, మొదటి బెంచీలో కూర్చుని రెగ్యులర్ ఎంబీఏ చేసింది. మస్తాన్ ఆన్‌లైన్‌లో చేరి సాయంత్రాలు పాఠాలు విన్నాడు. అతనికి అర్థం కానిది ఆమె చెప్పేది, కుడిపక్కన కూర్చుని. ఆమె తిరిగి వచ్చి అసిస్టెంట్ మేనేజర్‌గా చేరిన ఏడాదే నేను రిటైరయ్యాను.

ఇప్పటికీ తెలిసినవాళ్ల పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. రెగ్యులరా, ఆన్‌లైనా, దూరవిద్యా, ఏది మంచిదని అడుగుతారు. తేడాలు చెప్పడం నాకు పెద్ద పని కాదు. ఏది మంచిదో మాత్రం వెంటనే చెప్పను. ఎవరితో కలిసి బతుకుతున్నారో ముందు వాళ్లతో చార్జి అప్పగించుకుని రమ్మంటాను. ఒక మనిషికి ఏ చదువు సరిపోతుందో తేల్చే ముందు, ఆ మనిషికి ఏ చెవి వినపడుతుందో కనుక్కోవాలి.