చెయ్యి నాది, గొంతు వేరొకరిది

మొన్న మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వెళ్తుంటే, ఎదుటి సీట్లో కుర్రవాడి ఫోన్‌లోంచి ఏదో సినిమా వినిపించింది. హీరో మా తెలంగాణ యాసలో మాట్లాడుతున్నాడు. పక్కనున్న ఇద్దరు స్నేహితులు ఆ మాటను అచ్చం అలాగే సాగదీసి అని, పడీపడీ నవ్వారు. ఆ నవ్వు చెవిన పడగానే నా బొటనవేలు చూపుడువేలి మీద కదిలింది, దారానికి ముడి వేస్తున్నట్టు. ఆ అలవాటు నాకు అండాలు పెద్దమ్మ నుంచి వచ్చింది.

ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో చంపాపేటలో మా కిరాయి ఇంటి పక్క వాటాలో ఉండేది ఆమె. పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పనికి కుదిరితే వెంట వచ్చింది. పెళ్ళికి ముందు నుంచీ ఆసు పోసిన మనిషి. చీర నేసే నూలుకు రంగులు అద్దడానికి ముందు, దాన్ని వరుస మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి, ఒక్క పోగూ తప్పకూడదు. కుడి భుజం అరిగిపోయి పని మానేసింది గానీ, లెక్క మానలేదు. మాటల్లో ఉన్నా ఆమె చెయ్యి లెక్క తప్పేది కాదు.

నాది కూడా బడిలో నేర్చిన లెక్క కాదు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయింది. పాత పుస్తకాలు ముందేసుకుని గుణకారాలకూ భాగహారాలకూ దగ్గరి దారులు సొంతంగా వెతుక్కున్నాను. వాటితోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగ పరీక్షలకు లెక్కలు చెప్పేదాన్ని. డిగ్రీ లేదు కాబట్టి నా పేరు బోర్డు మీద ఉండేది కాదు. పిల్లలు మాత్రం వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో సినిమా వస్తే పెద్దమ్మ ఇంట్లో కూర్చునేదాన్ని. ఆమె ఒళ్ళో రెండు దారాలుండేవి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఏదో అల్లుకుంటోంది అనుకున్నాను. ఒకరోజు తెర మీద పనిమనిషి మా మాటలో ఏదో అని చెంపదెబ్బ తింది. నేను నవ్వాను. పెద్దమ్మ ఎర్ర దారానికి ముడి వేసి నా వైపు తిరిగింది.

“ఎందుకు నవ్వినవ్ బిడ్డా?”

“ఆమె మాట్లాడింది చూడు పెద్దమ్మా, ఎట్ల మాట్లాడిందో.”

“మనం గట్లనే మాట్లాడ్తం గద. మరి మనింట్ల ఎవ్వలు నవ్వరేంది?”

అప్పుడు దారాల సంగతి చెప్పింది. మా మాట మాట్లాడేవాడు తన్నులు తింటే, దొంగైతే, తాగి పడితే, నవ్వులపాలైతే ఎర్ర ముడి. మనిషిగా నిలబడితే తెల్ల ముడి. ఆ రోజు ఎర్రవి పదకొండు, తెల్లది ఒక్కటి. ఆ ఒక్కటీ ఒక ముసలమ్మ, ప్రాణం పోయే ముందు మంచి మాట చెప్పి పోయింది. ఒక్క సినిమాతో తేల్చకూడదని, ఆరు ఆదివారాలు నేనే విడిగా కాగితం మీద గీతలు పెట్టాను. నా గీతలకూ ఆమె ముడులకూ ఎక్కడా తేడా రాలేదు. అన్నేళ్ళు నేను డబ్బులిచ్చి టికెట్ కొని, నన్ను చూసి నేనే నవ్వానన్న సంగతి అంకెల్లో కనబడేసరికి ఒళ్ళు మండింది.

ఆ ఏడాదే మా సెంటర్ వాళ్ళు కేబుల్ టీవీలో పాఠాలు పెట్టాలనుకున్నారు. లెక్కలకు నన్నే ఎంచారు, తెర మీద పేరు వేస్తామన్నారు. మొదటిసారి నా పేరు నలుగురికీ కనబడబోతోంది. సెంటర్ డైరెక్టర్ గారు మర్యాదస్తులు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవారు. షూటింగ్ ముందు ఆయన చెప్పింది ఒక్కటే: కాస్త పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడమని.

ప్రయత్నించాను. నా తలలో లెక్క మా ఇంటి మాటలోనే నడుస్తుంది. నోటితో “చేస్తున్నాం, తీసుకుంటున్నాం” అని ఒక్కో మాట చివరా సరిచూసుకుంటుంటే, లోపల అంకె జారిపోయింది. నలభై ఏడును యాభై మూడుతో గుణించి రెండువేల నాలుగువందల ఎనభై ఒకటి అన్నాను. తొంభై ఒకటి రావాలి. నిద్రలో లేపి అడిగినా నేను తప్పని లెక్క. మళ్ళీ తీస్తే ఇంకోచోట తప్పాను.

డైరెక్టర్ గారు కోప్పడలేదు. మీరు రాయండి చాలు, గొంతు వేరేవాళ్ళ చేత చెప్పిద్దాం అన్నారు. తల ఊపాను. ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

నమూనా సీడీని పెద్దమ్మ ఇంట్లో పెట్టి చూపించాను. తెర మీద నా చెయ్యి బోర్డు మీద రాస్తోంది. ఎవరో అమ్మాయి గొంతు తియ్యగా, తొణకకుండా లెక్క చెబుతోంది. కింద నా పేరు. పెద్దమ్మ చివరిదాకా చూసింది. ఆ రోజు దారాలు ముట్టుకోలేదు.

“గా సినిమాలోల్లు నవ్వులపాలు చెయ్యనీకన్న మనకు నోరిచ్చిండ్రు,” అంది. “నీకు గదిగూడ ఇయ్యలే.”

మర్నాడు డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. నా మాటలో చెప్పనిస్తే ఒక్క లెక్క కూడా తప్పనని, ఒక్క పాఠం తీసి చూడమని అడిగాను. ఆయన నన్ను చూసి నిజంగానే జాలిపడ్డారు.

“మీకు సబ్జెక్టు లేదని కాదండీ సుజాత గారూ. ఆ యాసలో పాఠం చెబితే జనం కామెడీ అనుకుంటారు. నవ్వుతారండీ.”

“నవ్వెటోల్లు నవ్వనియ్యుండ్రి సార్. లెక్క తప్పితే చెప్పుండ్రి, మానేస్త.”

ఆ గదిలో నా ఇంటి మాట మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన ఒప్పుకోలేదు. నా పేరు తీసేయమన్నాను, దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. పాఠాలు నెలల తరబడి వచ్చాయి. హయత్‌నగర్‌లో, మలక్‌పేటలో, ఎవరి ఇంట్లో టీవీ పెట్టినా నా చెయ్యి కనబడేది, మణికట్టు దాకా.

సమ్మెలతో, బంద్‌లతో సెంటర్లు మూతపడ్డప్పుడు పెద్దమ్మ మా వాటాల పైనున్న డాబా చూపించి, ఇక్కడ చెప్పుకోమంది. ఆరుగురితో మొదలై డాబా నిండింది. నా మాటలోనే చెప్పాను. గుంటూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదటి రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ, జోకేందో మాగ్గూడ చెప్పు నాయ్నా, అందరం నవ్వుదమని మెల్లగా అడిగింది. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. పరీక్ష దాకా ఒక్కరోజు కూడా మానలేదు. ఉద్యోగం వచ్చాక మొదట పెద్దమ్మకే మిఠాయి తెచ్చాడు.

రాష్ట్రం వచ్చింది. మా మాట మాట్లాడే హీరోలూ వచ్చారు. పెద్దమ్మ పోవడానికి కొన్ని నెలల ముందు అలాంటి సినిమా ఒకటి చూపించాను, సంతోషపడుతుందని. ముగిసేసరికి ఎర్ర ముడులే ఎక్కువ. ఇప్పుడు హీరోయే మనవాడు కదా అన్నాను. “హీరో అయిండు,” అంది, “గని తాగకుంట ఒక్క ముచ్చట చెప్పనియ్యలే బిడ్డా.”

ఇప్పుడు ఎల్బీనగర్‌లో నాకు సొంత క్లాసు ఉంది. బోర్డు మీద నా పేరుంది. పోయిన వారం చౌటుప్పల్ వైపు అమ్మాయి ఒకతె లేచి, పుస్తకం భాషలో తడబడుతూ జవాబు తప్పు చెప్పింది. మీ అమ్మకు ఎట్ల చెప్తవో గట్ల చెప్పు అన్నాను. రెండో సారి అంకె సరిగ్గా వచ్చింది. కానీ నోరు తెరిచే ముందు ఆ పిల్ల ఒకసారి చుట్టూ చూసింది, ఎవరు నవ్వుతారోనని. ఇన్నేళ్ళ తర్వాత, ఇరవై ఏళ్ళ పిల్లకు, సొంత ఊరికి గంట దూరంలో, ఆ చూపు ఎవరు నేర్పారు? నేర్పినవాళ్ళను పెద్దమ్మ క్షమించలేదు. నేనూ క్షమించను.